తాళం వేసేలోగా

పొద్దున పది కాకముందే దస్తగిరికి చిరాకు మొదలైంది. పసుపు మిల్లులో పనిచేసే ఒకావిడ ఫోన్‌ను ముందేసుకుని, స్పీకర్ జల్లెడలో గట్టిపడిన పసుపును పాత టూత్‌బ్రష్‌తో గీకుతున్నాడు. ఆవిడ నెలకొకసారి ఈ ఫోన్ తెస్తుంది, అవతలివాళ్ల మాట వినబడడం లేదంటుంది. కవర్లో పెట్టుకొమ్మని అతను ఏడాదిగా చెబుతున్నాడు. ఆవిడ తల ఊపుతుంది, మళ్లీ నెలకు పసుపుతో వస్తుంది. ప్రొద్దుటూరు జనమంతా తన ముందు తల ఊపి పోవడానికే పుట్టారని దస్తగిరికి గట్టి నమ్మకం.

ఆరడుగుల అంగడి. ఒక బల్ల, బల్ల మీద వంగిన దీపం, పక్కన తడిగుడ్డ చుట్టిన నీళ్లకుండ, వెనక గోడకు మూడు అరలు. కింది రెండు అరల్లో పగిలిన అద్దాలు, ఉబ్బిన బ్యాటరీలు. పై అరలో మాత్రం ఇప్పటికీ టేప్‌రికార్డర్ మోటార్లు, రబ్బరు బెల్టులు ఉన్నాయి. వాటిని అడిగినవాడు లేక ఇరవై ఏళ్లవుతోంది. పారేయమని భార్య దిల్షాద్‌బీ చెప్పినప్పుడల్లా అతనికి ఏదో పని గుర్తొస్తుంది.

అరవై ఏళ్ల మనిషి. పొట్టి, బొద్దు. నుదుటి మీదికి నెట్టిన కళ్లద్దాలు, వాటి పైన తలకు కట్టుకున్న భూతద్దం. స్క్రూలు తిప్పి తిప్పి కుడి బొటనవేలి గోరు ఒక పక్కకు ఒరిగిపోయింది. పద్నాలుగేళ్లప్పుడు జమ్మలమడుగులో రేడియోలు విప్పడం నేర్చాడు. రేడియోలు చేతికొచ్చేసరికి టేప్‌రికార్డర్లు వచ్చాయి. అవి చేతికొచ్చేసరికి సీడీలు. నాలుగేళ్లు కువైట్‌లో టీవీలు బాగుచేసి తిరిగొచ్చేసరికి, ఇక్కడ టీవీలు బాగుచేయించుకునే కాలమే పోయింది. చివరికి సెల్‌ఫోన్ల దగ్గర ఆగాననుకున్నాడు గానీ అవి ఆరు నెలలకోసారి మారుతూనే ఉన్నాయి. ప్రతి కొత్తదాన్నీ ఇష్టంతో కాదు, కోపంతో నేర్చుకుంటూ వచ్చాడు.

ఎడమ భుజం తెల్లవారినప్పటి నుంచి లాగుతోంది. దిండు సరిగా లేదని దిండును తిట్టుకున్నాడు.

బ్రష్ కింద పెట్టేసరికి గడప దగ్గర నారాయణ నిలబడి ఉన్నాడు. లింగాల దగ్గర చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉన్న రైతు, నలభై ఏళ్లుంటాయి. భుజాన తువ్వాలు, చేతిలో ఫోన్. ఆ ఫోన్‌ను వేడి గిన్నె పట్టుకున్నట్టు అంచులతో పట్టుకున్నాడు.

"మామా, లాక్ వేసుకోని రమ్మనింది ఆ పాప."

"ఏ పాప?"

"సర్వీస్ సెంటర్లో పాప. సహస్ర అంట పేరు."

దస్తగిరి కళ్లద్దాలు కిందికి దించి అతణ్ణి చూశాడు. "ఆడికి పోయేముందర నా కాడికి రమ్మని చెప్పినానా, ల్యా?"

"చెప్పినావు."

"మళ్ల?"

"బస్సు దిగితే అది ముందొచ్చె మామా."

దస్తగిరి చెయ్యి చాచాడు. ఫోన్ చేతికి తీసుకున్నాడు. వేడిగా ఉంది. తీసుకోవడమే ఆలస్యం, తెర నల్లబడి ఆరిపోయింది.

"అదే జబ్బు. ఏడు నిమిషాలు పనిచేస్తాది, ఆరిపోతాది," అన్నాడు నారాయణ.

ఈ తాళం సంగతి దస్తగిరి తెచ్చిపెట్టుకున్నదే. ఈ ఫోన్లలో మాట రికార్డు చేయబోతే, రికార్డవుతోందని ఒక ఆడగొంతు రెండు వైపులా చెప్పేస్తుంది. ఆ గొంతు వినగానే అవతలివాడు వానల గురించి మాట్లాడడం మొదలుపెడతాడు. పొలం గట్లు, బోర్లు, బంగారం బేరాలు అన్నీ నోటిమాట మీద నడిచే ఈ తావుల్లో అది ఎవరికీ నచ్చలేదు. ఆ గొంతు లేకుండా చేసిపెట్టమని అందరూ దస్తగిరి మీద పడ్డారు. దానికి ఒక్కటే దారి. ఫోన్ ఆన్ చేసి తెరవగానే లోపల అన్నిటికంటే ముందు లేచేది బూట్‌లోడర్. తన సాఫ్ట్‌వేర్ తప్ప వేరేది లేవకుండా కంపెనీవాడు దానికి తాళం వేసి పంపుతాడు. దస్తగిరి ఆ తాళం తీసి, కంపెనీ సాఫ్ట్‌వేర్ ఊడ్చేసి, గుట్టుగా రికార్డు చేసే వేరేది ఎక్కించేవాడు. జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా అలాంటివి రెండు వందలకు పైగా చేశాడు. చిక్కల్లా ఒక్కటే. ఆపి తెరిచిన ప్రతిసారీ ఆ ఫోన్ తెర మీద, తెరుచుకున్న తాళం బొమ్మ కనబడుతుంది. అది చూశారంటే వారంటీ లేదంటారు. ఈ సంగతి ప్రతి మనిషికీ చెప్పాడు. ప్రతి మనిషీ తల ఊపాడు.

"ఆ పాప బొమ్మ చూసి, ఇదేందని అడిగింది," అన్నాడు నారాయణ. "మా దస్తగిరి మామ తీసినాడమ్మా, శానా పనిమంతుడు అని చెప్పినా."

"నా పేరు చెప్పినావా?"

"మంచిగానే చెప్పినా మామా."

దస్తగిరి రెండు చేతులూ బల్ల మీద ఆనించాడు. ఆ పిల్ల మంచిదే అయి ఉండాలి. వారంటీకి ఇవాళే ఆఖరి రోజని, సాయంత్రం ఐదులోగా కంపెనీ తాళంతో తెస్తే తీసుకుంటానని చెప్పి పంపింది. లోపలి బోర్డే పోయింది. వారంటీ లేకపోతే ఆ బోర్డు కంటే కొత్త ఫోన్ కొనుక్కోవడం నయం.

"తాళం వేస్తే లోపలుండేదంతా తుడుచుకపోతాది. ఫోటోలు, నంబర్లు, మాటలు, అన్నీ. ఇనపడిందా?"

"పోనీ మామా. ఒగటి తప్ప."

ఆ ఒకటి ఏమిటో నారాయణ నిలబడే చెప్పాడు. అన్న ఓబులేసుకూ తనకూ కలిపి ఒకే బోరు. నీళ్లు రోజు మార్చి రోజు నీకేనని అన్న ఫోన్‌లో ఒప్పుకున్నాడు. ఇప్పుడు అనలేదంటున్నాడు. చీనీ చెట్లు ఆకు ముడుచుకున్నాయి. రేపు పొద్దున పది గంటలకు గండి ఆంజనేయస్వామి గుడి దగ్గర పెద్దమనుషులు కూర్చుంటున్నారు. తాను ఆ మాట అనలేదని స్వామి ఎదుట ప్రమాణం చేయడానికి అన్న సిద్ధంగా ఉన్నాడు.

"వాడు ప్రమాణం చేయకముందే ఇది ఇనిపించల్ల మామా. చేసినాక ఇంగ పెద్దమనుషులు ఏదీ ఇనరు. తోట పోతాది. అన్న కూడా దేముని కాడ అబద్ధమాడినోడైతాడు."

రెండో మాట దస్తగిరికి ఆశ్చర్యమనిపించింది. పైకి మాత్రం, "ఏ తేదీన మాట్లాడినాడు?" అన్నాడు.

"చీనీకాయలు కోసిన వారం."

"తేదీ అప్పా, తేదీ."

"కోసిన వారమంటే కోసిన వారమే గదా మామా. ఆ పొద్దు గాలి కూడా వచ్చె."

ఓబులేసు ఏడాదిలో మూడు నంబర్లు మార్చాడు. ఫోన్‌లో రెండువేల ఏడువందల పదహారు మాటలు రికార్డయి ఉన్నాయి. వెతకడానికి వ్యవధి లేదు, మొత్తం మెమరీ కార్డులోకి ఎత్తుకోవాల్సిందే. దస్తగిరి కొత్త కార్డు ఒకటి తీసి ఫోన్ పక్క అరలో దోపాడు. తెరిచాడు. తెరుచుకున్న తాళం బొమ్మ వచ్చింది.

"ఇదే మామా ఆ పాప చూసింది."

"నాకు తెల్దా?"

రెండు వందల మాటలు ఎత్తేసరికి ఫోన్ ఆరిపోయింది. చల్లారనిచ్చి మళ్లీ తెరిచాడు. నూటఎనభై. మళ్లీ ఆరిపోయింది. నాలుగోసారికి దస్తగిరి లేచి, ఫోన్‌కు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, నీళ్లకుండ తడిగుడ్డకు ఆనించి దారంతో కట్టాడు. అప్పుడు పది నిమిషాలు నిలిచింది. ఇంత చదివిన కంపెనీవాళ్ల ఫోన్ చివరికి ఎర్రమట్టి కుండ దయతో నడుస్తోందని అతనికి నవ్వు రావాల్సింది. రాలేదు, మధ్యాహ్నం ఒంటిగంట అయింది.

బల్ల మీద ఉన్న అతని సొంత ఫోన్ మోగింది. అది మీటల ఫోన్. వెనక మూత నిలవక రబ్బరు బ్యాండు వేశాడు. ఊరందరి ఫోన్లూ విప్పే మనిషి ఇది వాడతాడేమని అడిగినవాళ్లకు, దీన్ని బాగుచేసే పని లేదు కాబట్టి అని చెబుతాడు.

"అన్నం తింటివా?" అంది దిల్షాద్‌బీ.

"పని ఉండాది."

"మాత్ర?"

"ఏసుకుంటాలే. పెట్టు."

ఆమె పొద్దున కట్టిచ్చిన క్యారియర్ బల్ల కింద మూత తీయకుండానే ఉంది. మాత్ర చొక్కా జేబులో ఉంది. నారాయణ రెండింటి వైపూ చూశాడు.

తొమ్మిదో విడతలో పేర్ల వరస దొర్లుతుంటే దస్తగిరి వేలు ఆగింది. 'దస్తగిరి సెల్' అని ఉంది. కింద మళ్లీ అదే. లెక్క చూస్తే నలభై ఒకటి.

"నన్ను గూడా పట్టినావా నువ్వు?"

"నేను పట్టలా మామా. అదే పడతాది. నువ్వు పెట్టిందే గదా."

ఒకదాన్ని నొక్కాడు. "ఎన్నిసార్లు చెప్పల్లప్పా నీకు," అంది ఫోన్ గట్టిగా, బొంగురుగా. "పక్కన మూడు చుక్కలు ఉండాయే, వాట్ని నొక్కు. ఫోటోను కాదు. ఫోటోను ఎందుకు నొక్కుతావు? చెప్పేది ఇనవు గదా నువ్వు." దస్తగిరి చప్పున ఆపేశాడు.

టేప్‌రికార్డర్ల కాలంలో మైకు పరీక్ష చేయడానికి రోజుకు పదిసార్లు హలో హలో ఒకటి రెండు మూడు అని తన గొంతు తానే విన్నాడు. విని, చెరిపి, డబ్బా గిరాకీ చేతికిచ్చేవాడు. ఆ ఒకటి రెండు మూడులో ఈ మనిషి లేడు.

"ఇట్ల మాట్లాడతానా నేను?"

"ఇట్లే మాట్లాడతావు మామా."

"అందరితోనూ?"

నారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. దస్తగిరికి ముఖం వెచ్చబడింది. ఇంత కటువుగా ఉంటుందా తన మాట? కంపెనీ మీది కోపం, కంపెనీవాడు పెట్టే కొత్త కొత్త తిప్పల మీది కోపం అంతా కలిపి, బస్సులో మూడు గంటలు కూర్చుని వచ్చే ఈ మనుషుల మీద కుమ్మరించాడా?

"ఇవన్నీ తీసేస్తా. కార్డులో చోటు దండగ."

"ఉండనీ మామా."

"తిట్లు దాచిపెట్టుకుంటావా?"

"నువ్వు చెప్పేది నాకు ఒగసారికి అర్థం కాదు. ఇంటికి పోయి పెట్టుకోని మళ్ల ఇంటా. అప్పుడు చేస్తా."

దస్తగిరి ఏదో అనబోయాడు. అంతలో ఫోన్ ఆరిపోయింది.

రెండున్నరకు మొత్తం వచ్చేసింది. కంప్యూటర్ మీద అతనికి నమ్మకం లేదు. కార్డు తీసి, తన మీటల ఫోన్ మూత విప్పి, బ్యాటరీ కింద దోపాడు. "ఈ డబ్బాలో పలికితే యాడన్నా పలుకుతాది," అన్నాడు. నారాయణ చెప్పిన కోత వారం, గాలి వచ్చిన రోజు పట్టుకుని వెతికితే ఆరోదానికి దొరికింది. "బోరు నీళ్లు రోజు మార్చి రోజు నీయేరా. నా నోటితోనే చెప్తాండా గదా," అన్నాడు ఓబులేసు. నారాయణ గబుక్కున స్టూలు మీద నుంచి లేచి భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు. అన్న అక్కడ లేడని గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

దస్తగిరి అది చూశాడు. చూసి, అరలోంచి పాత నోటుబుక్కు తీసే నెపంతో అటు తిరిగాడు.

ఆ నోటుబుక్కులో ఊరి సగం మంది పాస్‌వర్డులు ఉన్నాయి. ఎవరికీ గుర్తుండవు కాబట్టి ఫోన్ ఇచ్చిన రోజే అతను రాసి పెట్టుకుంటాడు. అకౌంటు ముందే తీసేయకుండా తుడిస్తే, తుడిచాక ఫోన్ ఆ పాస్‌వర్డే అడుగుతుంది. నారాయణది లింగాల, ఒకటి రెండు మూడు. అది కొట్టి అకౌంటు తీసేశాడు. తర్వాత ఫోన్‌ను కంప్యూటర్‌కు తగిలించాడు. ముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఎక్కాలి. అది అతక్కముందే తాళం వేస్తే ఫోన్ ఇక లేవదు, సర్వీస్ సెంటర్ కాదు కదా ఎవరూ లేపలేరు. ఎక్కడానికి తొమ్మిది నిమిషాలు. కుండ సాయంతో ఫోన్ నిలిచేది పది నిమిషాలు.

"బైట కూచో పో."

"గమ్మునుంటా మామా."

"నువ్వు గమ్మునున్నా నాకు ఇనపడతాంది. పో."

నారాయణ బయట మెట్టు మీద కూర్చున్నాడు. దస్తగిరి గుడ్డను మళ్లీ తడిపి, పిండి, కుండకు చుట్టాడు. తెర మీద గీత మెల్లగా నిండుతోంది. అతని చొక్కా వీపంతా తడిసింది. ఎడమ చెయ్యి మొద్దుబారుతుంటే తొడకు రుద్దుకున్నాడు. ఈ బోరు నాది కాదు, తోట నాది కాదు, నాకెందుకీ తంటా అని గీత నిండేదాకా అనుకుంటూనే ఉన్నాడు. గీత నిండింది. తాళం వేసే ఆదేశం కంప్యూటర్‌లో కొట్టాడు. ఫోన్ ఆరి, తెరుచుకుంది. తాళం బొమ్మ లేదు. కొత్తగా కొన్న రోజులాగా, ఏ భాష కావాలని అడిగింది.

"నారాయణా, రా. నాలుగయింది. ఆటో ఎక్కి పో. ఆ పాపకు నా పేరు చెప్పాకు."

"కార్డు మామా?"

"నీ చేతికిస్తే యాడన్నా పారేసుకుంటావు. ఈడనే ఉండనీ. నువ్వొచ్చేలోపల ఇంగో కాపీ తీసి పెడ్తా. నా తిట్లు గూడా తీసేస్తా."

"వద్దు మామా," అని నారాయణ ఆటో కోసం పరుగెత్తాడు.

సహస్ర ఫోన్ ఆపి, తెరిచి, తాళం బొమ్మ లేదని చూసి, రసీదు రాసిచ్చింది. ఇంత తొందరగా ఎవరు వేసిచ్చారని అడిగింది. నారాయణ పైకప్పు వైపు చూసి, ఎవరో వేశారమ్మా అన్నాడు. మాట నిలబెట్టుకున్నందుకు దారంతా సంతోషంగా ఉన్నాడు.

తిరిగొచ్చేసరికి ఐదున్నర. గడప ఎక్కకముందే లోపలి నుంచి దస్తగిరి గొంతు వినబడింది. "అది కాదప్పా, పైది. పైది నొక్కు. నేను చెప్పేది ఒగటి, నువ్వు చేసేది ఒగటి."

నారాయణకు నవ్వొచ్చింది. ఎవడో తనలాంటివాడే దొరికాడనుకున్నాడు. "వచ్చినా మామా, తీసుకునిరి," అంటూ మెట్టు ఎక్కాడు.

"ఏది నొక్కల్ల మామా?" అంది లోపలి నుంచి ఇంకో గొంతు. అది నారాయణ గొంతే.

అంగట్లో దస్తగిరి ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద చెంప ఆనించి ఉన్నాడు. భూతద్దం పక్కకు జారింది. మీటల ఫోన్ అతని చెవి పక్కన ఉంది, నలభై ఒకటిలో ఏదో ఒకటి చెబుతూ ఉంది. నారాయణ భుజం తట్టాడు. ఇంకోసారి తట్టాడు. ఫోన్‌లో దస్తగిరి, "ఇప్పుడు తెలిసిందా?" అని అడిగి పెట్టేశాడు.

పక్క అంగళ్లవాళ్లు వచ్చారు, డాక్టర్ వచ్చి చూసి పోయాడు. రెండు వీధుల అవతలి నుంచి దిల్షాద్‌బీ నడిచే వచ్చింది. కూతురు సుహానాకు పులివెందులకు కబురు చేశారు, బయల్దేరింది. అతణ్ణి ఇంటికి చేర్చే బండి వచ్చేదాకా దిల్షాద్‌బీని స్టూలు మీద కూర్చోబెట్టారు. ఆమె బల్ల కింద క్యారియర్ చూసి, వంగి తీసి, బరువు చూసింది.

"తినలేదు," అంది.

"నా వల్లనే అత్తా," అన్నాడు నారాయణ. "నా ఫోను పని పెట్టుకోని కూచున్యాడు."

"నువ్వు కాకుంటే ఇంగొకరు." కాసేపటికి అడిగింది. "ఏమన్నా చెప్పినాడా?"

"తిట్టినాడత్తా. పొద్దున్నుంచి నన్నే తిట్టినాడు."

ఆమె తల ఊపింది. "ఊరందరినీ తిడతాడంట. నాకు అది గూడా ల్యా. ఇంటికొచ్చేసరికి మాట అయిపోయి ఉంటాది. గమ్మున తిని పండుకుంటాండె. ముప్పైఐదేళ్లు గమ్మున్నే ఉన్న్యాడు నా కాడ."

మీటల ఫోన్ ఆమె ఒళ్లో ఉంది. ఎవరో తీసి ఇచ్చారు. నారాయణ దాని వైపే చూస్తున్నాడు. రెండో కాపీ తీశాడో లేదో అడగడానికి మనిషి లేడు. కంప్యూటర్ తనకు తెలియదు. తన ఫోన్ తుడుచుకుపోయి సర్వీస్ సెంటర్లో ఉంది. అన్న మాట, తోట, రేపటి పది గంటలు అన్నీ ఆ రబ్బరు బ్యాండు కింద ఉన్నాయి. చావు దగ్గర నిలబడి కార్డు అడిగే మనిషినయ్యానే అని తన మీద తనకే అసహ్యం వేసింది.

"అత్తా, దాంట్లో కార్డు నాది," అన్నాడు చివరికి.

ఆమె రబ్బరు బ్యాండు తీయబోయింది. రెండు చుట్లు వేసిన బ్యాండు, రాలేదు. నారాయణ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. పొద్దున ఆరింటికి నా బస్సు. అప్పుడొచ్చి తీస్కపోతా. ఈ పొద్దుటికి నీ కాడే ఉండనీ." మోకాళ్ల మీద కూర్చుని, ఏ మీట నొక్కాలో చూపించాడు. పేరు చదివి చూపించాడు. "ఈడ ఉండాడు మామ. నలభై ఒగ మాట్లు. నన్ను తిట్టినవే అన్నీ. నీకు కావల్లంటే."

ఆమె ఆ మీటను చూసింది గానీ నొక్కలేదు. బండి వచ్చిందని ఎవరో పిలిచారు. దిల్షాద్‌బీ లేచి, ఒక చేత్తో అన్నం క్యారియర్ పట్టుకుని, దాని మూత మీద రబ్బరు బ్యాండు వేసిన ఆ చిన్న ఫోన్ పెట్టి, అది జారకుండా రెండో చెయ్యి పైన కప్పుకుంది.